గాడిపొయ్యి బందోబస్తు

బుధవారం పొద్దున హెడ్ కానిస్టేబుల్ కామేశం ఒక పథకం వేసుకున్నాడు. సీఐ రవి కుమార్ మొదటి టీ తాగేటప్పుడు ఆయన జోలికి పోకూడదు. అప్పుడాయన పేపరు చదువుతుంటారు, పేపర్లో సమ్మె వార్త ఉంటుంది, మొహం మాడి ఉంటుంది. రెండో టీకి కాస్త మనుషుల్లో పడతారు. సరిగ్గా అప్పుడు వెళ్ళి, సెల్యూట్ కొట్టి, సెలవు అడగాలి. పెద్ద సెలవు కూడా కాదు. గురువారం సాయంత్రం వెళ్ళి శుక్రవారం రాత్రికి తిరిగొచ్చేస్తాడు. శుక్రవారం తెల్లవారుజామున నరసరావుపేటలో, రొంపిచెర్ల రోడ్డు పక్కన, అతని సొంతింటి గృహప్రవేశం.

సొంతిల్లంటే మాటలు కాదు. పునాది తీసిన ఏడు ఒకటో తరగతిలో చేరిన కూతురు వర్షిణి, గడప ఎత్తే నాటికి ఇంజినీరింగులో చేరింది. ఇన్నేళ్ళలో ఇంటికి ఇటుక పేర్చినప్పుడల్లా కామేశం ఏదో ఒక బందోబస్తులో ఉన్నాడు. శంకుస్థాపన నాడు ఎన్నికల బందోబస్తు. శ్లాబు నాడు మంత్రి గారి పర్యటన. భార్య రామతులసి ఒక్కతే కొబ్బరికాయలు కొట్టుకుంటూ వచ్చింది. ఆమె ఓర్పు మంగళవారంతో అయిపోయింది.

"ఇదిగో చెప్తన్నా విను," అంది ఫోనులో. "పీటల మీద దంపతులు కూర్చోవాల. నువ్వు రాకపోతే మా అక్కా బావా కూర్చుంటారు. పంతులు గారిని అడిగా, పనికొస్తదన్నాడు. బావ పట్టుపంచె కూడా ఇస్త్రీ చేయించుకున్నాడంట."

బావ అంటే తోడల్లుడు వెంకట్రామయ్య. ముప్పాళ్ళలో పొలాలున్నాయి, కాస్త రాజకీయం ఉంది, ఏ శుభకార్యానికి వెళ్ళినా ముందు వరసలో నడిమి కుర్చీ ఆయనదే. పదిమందిలో కామేశాన్ని చూపించి, "మావాడు పోలీసండీ. ఎండలో నిలబడే ఉద్యోగం," అని పరిచయం చేస్తాడు. ఆ మనిషి తన ఇంట్లో, తన పీట మీద, తన పాలు పొంగించటమా? కామేశానికి మంగళవారం అన్నం దిగలేదు. ఈ కథలో సిమెంటు ఫ్యాక్టరీ, సమ్మె, పోలీసులు, టీవీవాళ్ళు అందరూ వస్తారు గాని, అసలు గొడవ ఆ పీటలది. చదివేవాళ్ళు ఆ సంగతి మరిచిపోకూడదు.

ఫ్యాక్టరీ పేరు మనకెందుకు. మాచర్లకూ గురజాలకూ మధ్య సున్నపురాయి నేలలో సిమెంటు ఫ్యాక్టరీలకు కరువా? అందులో ఒకటి. ప్యాకింగు సెక్షన్లో ఏళ్ళ తరబడి బస్తాలు మోస్తున్న కాంట్రాక్టు కార్మికులు తమను పర్మనెంటు చెయ్యమని గేటు ముందు టెంటు వేశారు. యాజమాన్యం గేటు మూసింది. మధ్యలో ప్రభుత్వం పోలీసులను నిలబెట్టింది. మూడు జిల్లాల నుంచి తెచ్చిన బలగం ఫ్యాక్టరీ పక్కనున్న కల్యాణ మండపంలో దిగింది. పాత పెళ్ళి తాలూకు 'హిమబిందు వెడ్స్ సందీప్' అనే థర్మోకోల్ అక్షరాల కింద, స్టేజీ మీద, వరసగా కానిస్టేబుళ్ళు పడుకునేవారు. పొద్దున లేచి హెల్మెట్టు, షీల్డు, లాఠీలతో వైశాఖమాసపు ఎండలో నిలబడేవారు. ఎదురుగా టెంటు నీడలో కార్మికులు కూర్చుని నినాదాలు చేసేవారు. ఎవరు సమ్మె చేస్తున్నారో, ఎవరికి శిక్ష పడిందో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

కామేశం నరసరావుపేట నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు. "కొట్లో పుట్టినోడివి, పప్పులు బియ్యం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తయ్," అని మెస్ ఇన్‌ఛార్జిని చేశారు. అన్నం దగ్గర మాత్రం ఎస్పీ గారి ఆర్డరు గట్టిది: ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు, పోలీసులు యాజమాన్యం ఉప్పు తిన్నారన్న మాట రాకూడదు.

రెండో టీ సమయానికి కామేశం వెళ్ళి నిలబడ్డాడు. ఇంటి సంగతి, పీటల సంగతి, పట్టుపంచె ఇస్త్రీ సంగతి అన్నీ చెప్పాడు. సీఐ కప్పు కింద పెట్టారు.

"కామేశం, సమ్మె అయిపోతే నేనే కారిచ్చి పంపిస్తా. అవకుండా సెలవిస్తే ఎస్పీ గారు నన్ను ఇంటికి పంపిస్తారు. ముందు నాకొక సంగతి చెప్పు. మన బియ్యం ఏందయ్యా అట్టా తరిగిపోతన్నయ్? మనం పోలీసుల్ని మేపుతున్నామా, ఏనుగుల్నా?"

"ఎండకు ఆకలెక్కువ సార్."

"సరే. అదట్టా ఉండనీ. ఆ టెంటులో రోజూ సాయంత్రం మైకులో చెప్తన్నారు, విన్నావా? మా పోరాటానికి బియ్యం పంపిస్తున్న అజ్ఞాత దాతకు వందనాలు అని. ఎవడా దాత? యాజమాన్యం నా ప్రాణం తీస్తంది. మన బియ్యం ఆగట్లేదు, వాళ్ళ బియ్యం తరగట్లేదు. వాళ్ళకి తిండి లేకపోతే రెండు రోజుల్లో సమ్మె అయిపోద్ది. ఆ దాతగాడిని పట్టుకో. పట్టుకున్నరోజే నీ సెలవు కాయితం మీద సంతకం పెడతా."

కామేశానికి ప్రాణం లేచొచ్చింది. ఈ దాత అనేవాడు ఏ రాజకీయ నాయకుడో, పక్క ఫ్యాక్టరీవాడో అయ్యుంటాడు. ఎవడైనా సరే, ఒకడి గొప్పతనం కోసం తన గృహప్రవేశం ఆగిపోవాలా? వాడి మీద కామేశానికి వల్లమాలిన కోపం వచ్చింది. తిండి వెళ్ళే దారి పట్టుకుంటే మనిషి దొరుకుతాడని, మధ్యాహ్నం వంట వేళకు మండపం వెనక్కి నడిచాడు.

వెనక కోటమ్మ వంట. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వందలమందికి వండగలిగిన మనిషి ఆమె ఒక్కతే. పెళ్ళయినా, కర్మకాండయినా ఆమె వచ్చి నేల మీద పొడుగ్గా గాడి తవ్వించి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కించి, కట్టెలు ఎగదోస్తే ఇక తిరుగుండదు. కామేశం వెళ్ళేసరికి ఇద్దరు కుర్రాళ్ళు ఒక గుండిగను కర్రకు కట్టి మోసుకుంటూ ప్రహరీగోడ దగ్గరకు పోతూ తడబడుతున్నారు.

"ఏంది తమ్ముడా అట్టా చూస్తన్నావు," అంది కోటమ్మ. "ఒక చెయ్యి వెయ్యి. కాలుద్దేమో చూసుకో."

కామేశం అలవాటు కొద్దీ వెళ్ళి కర్రకు భుజం పెట్టాడు. ముగ్గురూ కలిసి గుండిగను గోడ మీదికి ఎత్తారు. అవతల నుంచి నాలుగు చేతులు వచ్చి అందుకున్నాయి. ఆ చేతుల మీద సిమెంటు మరకలు చూశాక గాని కామేశానికి తను ఏం చేశాడో తట్టలేదు.

"అక్కా, గోడవతల ఎవరు?"

"టెంటోళ్ళు."

"వాళ్ళకి మన పప్పన్నం ఎందుకు పోతంది?"

"వాళ్ళూ నాకు వంట పని ఒప్పజెప్పారుగా. నీకంటే ఒకరోజు ముందే కృపావరం వచ్చి అడిగాడు." కృపావరం అంటే యూనియను నాయకుడు. "మర్నాడు నువ్వొచ్చావు. ఇద్దరికి రెండు పొయ్యిలు తవ్వే ఓపిక నాకు యాడుంది? ఒకే గాడిపొయ్యి మీద వండి చెరో సగం పెడతన్నా."

"మరి వాళ్ళ బియ్యం?"

"వాళ్ళకి బియ్యం యాడియి. బియ్యం, పప్పు నీయి. కట్టెలు, గోంగూర, మిరపకాయలు, మజ్జిగ వాళ్ళయి. రోజూ మారు అడిగి మరీ వడ్డించుకుంటన్నావే గోంగూర పప్పు, ఆ గోంగూర మీ ఎస్పీ గారు పంపించాడనుకున్నావా?"

"మరి దాత అని మైకులో..."

"బియ్యం ఎవరియ్యి పిన్నీ అని కృపావరం అడిగితే, ఎవరో పుణ్యాత్ముడు ఇస్తన్నాడని చెప్పా. అబద్ధమా? నువ్వు పుణ్యాత్ముడివి కావా?"

కామేశం గోడ పక్కన కూలబడ్డాడు. అజ్ఞాత దాత తనే. బస్తాల మీద బస్తాలు సంతకం పెట్టి తెప్పించి, తన సెలవుకు అడ్డమైన సమ్మెకు తనే మూడు పూటలా కడుపు నింపుతున్నాడు. సమ్మె ఆగదు గనక బందోబస్తు ఆగదు, బందోబస్తు ఆగదు గనక బియ్యం ఆగవు, బియ్యం ఆగవు గనక సమ్మె ఆగదు. వెంకట్రామయ్యను పీట మీద కూర్చోబెడుతున్నది వేరెవరో కాదు. కామేశానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సీఐకి చెప్పే మార్గం లేదు. దొంగను పట్టుకున్నానని చెప్పి తన చెయ్యే తను పట్టుకెళ్ళి అప్పగించాలి. కాబట్టి గుట్టుగా కానిచ్చేద్దామనుకున్నాడు. గోడవతలికి అన్నం ఆపేస్తే చాలు, మిగతాది ఆకలే చూసుకుంటుంది.

"అక్కా, ఈ పూట నుంచి మా వరకే వండు."

కోటమ్మ తెడ్డు కింద పెట్టింది. "ఒక పొయ్యి మీద వండి ఒకడికి పెట్టి ఒకడి కడుపు ఎండగట్టటం మా ఇంటా వంటా లేదు తమ్ముడా. పెడితే ఇద్దరికీ పెడతా. లేకపోతే ఎవరికీ లేదు."

"ఇది గవర్నమెంటు ఆర్డరు."

"అయితే గవర్నమెంటునే వచ్చి గంజి వార్చమను," అని కడవెడు నీళ్ళు పొయ్యిలో గుమ్మరించి, చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన కాసేపటికి టెంటు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, తమవేనని, కట్టెలన్నీ ఎత్తుకుపోయారు. ఆ సాయంత్రానికి పోలీసుల దగ్గర బియ్యం ఉన్నాయి, నిప్పు లేదు. కార్మికుల దగ్గర నిప్పు ఉంది, బియ్యం లేవు. మైకులో దాతకు వందనాలు వినపడలేదు.

మండపం వాచ్‌మన్ ఇంటి గ్యాసు పొయ్యి మీద వండబోతే, మొదటి వాయి తిన్నవాడికి మళ్ళీ ఆకలేసే వేళకు గాని రెండో వాయి ఉడకలేదు. చివరికి అరటిపళ్ళు, బిస్కెట్లు పంచి, "రేపు పొద్దున మాచర్ల హోటలు నుంచి వేడివేడి ఇడ్లీ తెప్పిస్తన్నా," అని కామేశం అందరికీ మాటిచ్చాడు. కానిస్టేబుళ్ళు ఆ మాట మీద ఆశ పెట్టుకుని థర్మోకోల్ అక్షరాల కింద పడుకున్నారు.

ఇడ్లీ వ్యాను గురువారం పొద్దున నిజంగానే బయల్దేరింది. దారిలో అడ్డరోడ్డు దగ్గర పోలీసు బ్యారికేడ్ ఉంది. యాజమాన్యం బయటి కూలీలను వ్యాన్లలో దింపుతుందన్న పుకారుతో, తన సంతకమున్న పాసు లేకుండా ఏ వ్యానునూ వదలొద్దని సీఐ రాసిచ్చిన ఆర్డరు అక్కడుంది. సీఐ ఏమో ఎస్పీ గారి మీటింగుకు నరసరావుపేట వెళ్ళారు. మీటింగులో ఫోను ఎత్తరు. కామేశం బ్యారికేడ్ దగ్గరున్న కానిస్టేబులుకు ఫోను చేశాడు.

"ఒరేయ్ నాయనా, అది మన టిఫినే. నీక్కూడా ఉంది అందులో."

"వాసనకే తెలుస్తంది హెడ్డు గారూ. నాక్కూడా రాత్రి నుంచి ఏం లేదు. కానీ పాసు లేదుగా. వదిలితే నా ఉద్యోగం పోద్ది."

పాపం, వాడు నిజాయితీపరుడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఆపాడు. ఎండ ముదిరి చట్నీ పులిసిపోయాక డ్రైవరు విసుగెత్తి వ్యాను వెనక్కి తిప్పుకుపోయాడు.

ఇది ఎవరు మోశారో గాని ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు చెవిన పడింది. ఆయనకు జాలి కలిగింది. గేటు లోపలి నుంచి బిర్యానీ ప్యాకెట్లు ట్రాలీ నిండా పంపించాడు. ఆ ట్రాలీ పోలీసు వరస ముందు నుంచి మెల్లగా వచ్చింది. మసాలా ఘాటుకు హెల్మెట్లన్నీ ఒకేసారి అటు తిరిగాయి. కామేశం గుటక మింగి ఎదురెళ్ళాడు.

"మాకొద్దండీ. ఎస్పీ గారి ఆర్డరు."

ట్రాలీ వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది. వెనకనుంచి తన వంశాన్ని గురించి మూడు జిల్లాల యాసల్లో వినపడుతున్నా కామేశం తల తిప్పలేదు.

ఆ మధ్యాహ్నమే యూనియను వంటా వార్పు పెట్టింది. మన వైపు ఏ ఉద్యమం నడిచినా ఒకరోజు రోడ్డు మీద వండుకుని తిని నిరసన తెలపటం ఆనవాయితీ. ముందే ప్రకటించేశారు గనక బియ్యం లేవని మానుకుంటే పరువు పోతుంది. గేటు ముందు తారురోడ్డు మీద ఇటుకలు పేర్చి, కట్టెలు అంటించి, కోటమ్మ గుండిగలు ఎక్కించింది. ఒకదాంట్లో గోంగూర ఉడుకుతోంది. మిగతావాటిలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి. మాచర్ల నుంచి ఫహీమ్ అనే విలేకరి వచ్చాడు. సెల్‌ఫోను కర్రకు బిగించి, తన యూట్యూబ్ ఛానల్లో లైవ్ మొదలుపెట్టాడు. కృపావరం కెమెరా ముందుకు వచ్చి, "మా కార్మికుల కడుపు మంటే ఈ పొయ్యి," అని గట్టిగా చెప్పాడు గాని, నీళ్ళ గుండిగల వైపు కెమెరా తిరక్కుండా అడ్డం నిలబడ్డాడు.

రోడ్డుకు ఇవతల పోలీసు వరస, అవతల కార్మికుల వరస. రెండు వరసలదీ ఒకే చూపు, గుండిగల మీద. రాత్రి నుంచి రెండు వైపులా పస్తే. అప్పుడు కడప నుంచి వచ్చిన జీవన్ అనే కానిస్టేబులు షీల్డు మీద వాలి, మెల్లగా జారి, రోడ్డు మీద పడిపోయాడు. కామేశం పరిగెత్తి వెళ్ళేలోపల కృపావరం అక్కడున్నాడు. హెల్మెట్టు ఊడదీసి, తువ్వాలుతో విసిరి, మజ్జిగ నోట్లో పోశాడు. ఆ మజ్జిగ యూనియనుకు మిగిలిన ఆఖరి కుండలోది.

"ఏం తిన్నాడు హెడ్డు గారూ ఈ పిల్లోడు?"

"ఏం తినలా కృపావరం. ఎవరం ఏం తినలా."

"మీకు బియ్యం ఉన్నయ్యంటగా."

జీవన్ కళ్ళు తెరిచి, తనకు విసురుతున్నది ఎవరో తెలియక, "థ్యాంక్స్ అన్నా," అన్నాడు. కామేశానికి సిగ్గేసింది. కిరాణా కొట్లో పుట్టి, బస్తాలు పక్కన పెట్టుకుని, రెండు వైపులా మనుషుల్ని మాడ్చాడు. దేనికోసం? పీట కోసం. ఇప్పుడు ఈ బియ్యం రోడ్డెక్కితే సెలవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు. వెంకట్రామయ్య పట్టుపంచె కళ్ళముందు మెదిలింది. కూర్చుంటే కూర్చున్నాడు పో, అనుకున్నాడు.

"కోటమ్మక్కా, నీళ్ళు మరిగినయ్యా?"

"ఇందాకట్నుంచి మరుగుతానే ఉన్నయ్. ఎవరి బుర్ర కరుగుద్దా అని చూస్తన్నా."

"బియ్యం, పప్పు తెప్పిస్తన్నా. ఇద్దరికీ వండు."

బస్తాలు రోడ్డు దాటాయి. ఒక కొస పోలీసు, ఒక కొస కార్మికుడు పట్టుకుని మోశారు. ఆకలి మీద ఉన్నవాళ్ళు పనిచేస్తే ఎంత వేగంగా అవుతుందో ఆ రోజు చూడాలి. అన్నం ఉడికేసరికి బంతి సిద్ధమైంది. రోడ్డు పొడుగునా కార్మికుడి పక్కన పోలీసు, పోలీసు పక్కన కార్మికుడు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. విస్తరాకులు సగంలోనే అయిపోయాయి. అప్పుడు ఎవడో బుద్ధిమంతుడు షీల్డు కడిగి వెల్లకిలా పరిచాడు. రాళ్ళు ఆపటానికి గవర్నమెంటు ఇచ్చిన ప్లాస్టిక్ షీల్డు ఒకటి వేస్తే నలుగురు హాయిగా తినొచ్చని ఆ రోజే తెలిసింది. కోటమ్మ వేడివేడి అన్నం మీద గోంగూర పప్పు పోసుకుంటూ పోయింది. కాసేపు ఆ రోడ్డు మీద ఒక్క నినాదం లేదు. జుర్రుకోవటం ఒక్కటే వినపడింది.

ఫహీమ్ ఇదంతా లైవ్‌లో చూపించాడు. కింద ఎర్రక్షరాల్లో వేశాడు: 'సమ్మెలోకి పోలీసులు. షీల్డులు నేలకు.' షీల్డులు నేల మీద ఉన్నమాట నిజమే గనక అతన్ని తప్పుపట్టటానికీ లేదు. మజ్జిగ వేళకు ఆ వీడియో జిల్లా దాటింది. పెరుగు లేదని ఎవరో గొణిగే వేళకు అమరావతి చేరింది.

గేటు లోపల జనరల్ మేనేజరు మేడ మీద నుంచి చూస్తున్నాడు. యూనియను దగ్గర గింజ లేదని, ఈ రోజో రేపో కాళ్ళబేరానికి వస్తారని పొద్దున్నే ఆయన హైదరాబాదు హెడ్డాఫీసుకు చెప్పాడు. ఇప్పుడు చూస్తే బస్తాల మీద బస్తాలు వస్తున్నాయి. మోస్తున్నది పోలీసులు. కాపలా అనుకున్నవాళ్ళు గేటుకు వీపు పెట్టి అవతలి వాళ్ళతో కలిసి మారు వడ్డించుకుంటున్నారు. పొద్దున తన బిర్యానీ వద్దన్నవాళ్ళు వీళ్ళే. ఆయనకు అంతా అర్థమైపోయింది, అంటే ఒక్కటీ సరిగ్గా అర్థం కాలేదు.

"సార్, ప్రభుత్వం వాళ్ళ వైపు వెళ్ళిపోయింది," అని ఫోనులో చెప్పాడు. "ఈ తిండి చూస్తే సంక్రాంతి దాకా లేచేట్టు లేరు. పైగా గేటు దగ్గర మనకు ఒక్క లాఠీ కూడా లేదు. మాట్లాడేసుకుందాం సార్."

ఈలోగా సీఐ జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. రవి కుమార్ దిగి, షీల్డుల మీది అన్నాన్ని, అన్నం చుట్టూ ఉన్న తన బలగాన్ని చూశారు.

"దాతని పట్టుకోమన్నా కదయ్యా."

"పట్టుకున్నా సార్. నేనే."

సీఐ తిట్టలేదు. తిట్టే ఓపిక ఎస్పీ గారి ఫోన్లతోనే అయిపోయినట్టుంది. జేబులోంచి సెల్లు తీసి, అప్పుడే వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరు చూపించారు. హెడ్ కానిస్టేబుల్ కామేశాన్ని తక్షణం సస్పెండ్ చేయటమైనది. సదరు వ్యక్తి వెంటనే తన హెడ్‌క్వార్టరు నరసరావుపేట చేరుకోవలెను. తదుపరి ఉత్తర్వుల వరకు నరసరావుపేట విడిచి వెళ్ళరాదు.

కామేశం దాన్ని ఒకసారి చదివాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు. రెండోసారి చదివాడు. గురువారం మధ్యాహ్నం. నరసరావుపేట. వెంటనే. విడిచి వెళ్ళరాదు.

"సార్," అన్నాడు. "ఇప్పుడే ఎల్లాలా సార్?"

"ఇప్పుడే. నా కళ్ళముందు ఉండమాక."

కామేశం తన సర్వీసులో అంత బలంగా సెల్యూట్ ఎప్పుడూ కొట్టలేదు. చెయ్యి కడుక్కుని, అటుగా పోతున్న లారీ ఎక్కాడు. అడ్డరోడ్డు దగ్గర నిజాయితీపరుడు పాసు అడిగితే, సీఐ దగ్గర నుంచి తన సెల్లులోకి తెచ్చుకున్న సస్పెన్షన్ ఆర్డరు చూపించాడు. ఎస్పీ గారి పేరు చూసి వాడు లేచి నిలబడి మరీ బ్యారికేడ్ తీశాడు.

లారీ దిగి నరసరావుపేట బస్సెక్కి కూర్చున్నాక, బస్సు పిడుగురాళ్ళ దాటుతుండగా ఫోను మోగింది. కృపావరం.

"హెడ్డు గారూ, సంతకాలు అయిపోయినయ్. అందరినీ పర్మనెంటు చేస్తన్నారు. విడతలుగానే అనుకో, కానీ అందరినీ. ప్యాకింగు సెక్షనోళ్ళనే ముందు." అవతల డప్పులు మోగుతున్నాయి. "ఆ బియ్యం ఎవరియ్యో కోటమ్మ పిన్ని ఇప్పుడే చెప్పింది. ఇన్నాళ్ళూ నీకేనంట మేం మైకులో వందనాలు పెట్టింది."

కామేశం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పక్క సీటాయన ఏమైందని అడిగితే, "ఏంలేదండీ, సస్పెండ్ అయ్యా," అన్నాడు, నవ్వుతూ. ఆయన కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున కొత్తింటి గడపకు మామిడాకులు కట్టి ఉన్నాయి. కామేశం స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని హాల్లోకి వచ్చేసరికి పీట మీద వెంకట్రామయ్య కూర్చుని ఉన్నాడు. అలవాటుకని ముందుగా కూర్చుని చూస్తున్నాడట.

"అన్నయ్యగారూ, కాస్త లేస్తారా," అన్నాడు కామేశం.

వెంకట్రామయ్య లేచాడు గాని తగ్గలేదు. బంధువులందరికీ వినపడేట్టు, "ఉద్యోగం పోయిందంటగా తమ్ముడూ. యూట్యూబ్‌లో చూశాం. ఇంకేం, ఇంటిపట్టునే ఉంటావు," అన్నాడు.

"ఇంటిపట్టున ఉండమనే రాశారు అన్నయ్యగారూ," అన్నాడు కామేశం, పీట మీద సర్దుకుని కూర్చుంటూ. పక్కన రామతులసి కొంగు ముడి వేసుకునేటప్పుడు రెండు ముళ్ళు ఎక్కువ వేసింది.

పంతులు గారు సంకల్పం చెబుతుండగా బయట కోలాహలం మొదలైంది. ట్రాక్టర్ల మీద ప్యాకింగు సెక్షనంతా దిగింది. కోటమ్మ గుండిగలతో సహా వచ్చి, ఎవరినీ అడక్కుండా పెరట్లో గాడి తవ్వించటం మొదలుపెట్టింది. వాళ్ళ వెనకాలే సీఐ జీపు ఆగింది. బంధువులు అరెస్టేమోనని పక్కకు తప్పుకున్నారు. వెంకట్రామయ్య మొహం వెలిగింది.

రవి కుమార్ బూట్లు విప్పి లోపలికి వచ్చి, పీటల పక్కన చాప మీద కూర్చున్నారు. "సస్పెన్షన్ ఎత్తేశారయ్యా," అన్నారు, మంత్రాలకు అడ్డం రాకుండా చిన్నగా. "ఒక్క లాఠీ ఎత్తకుండా ఇంత పెద్ద సమ్మె తేల్చారని అమరావతి నుంచి ఎస్పీ గారికి మెచ్చుకోలు వచ్చింది. సహపంక్తి భోజనం ఎస్పీ గారి ఆలోచనేనంట. ఆయనే చెప్పారు. నీకు రివార్డు. పొద్దున్నే ప్రెస్ మీటు, నువ్వు పక్కన నిలబడాలంట. వెంటనే బయల్దేరు."

కామేశం అలవాటు కొద్దీ లేవబోయాడు. ముళ్ళు పడ్డ కొంగు అతన్ని మళ్ళీ పీట మీదికి లాగింది.

"పాలు పొంగాక వస్తాడు," అంది రామతులసి సీఐతో. "మీరూ ఉండండి తమ్ముడు గారూ. టిఫిను చేసి పోదురుగాని. ఎస్పీ గారితో చెప్పండి, ఆర్డరు నాదని."

సీఐ ఉన్నారు. పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీదుగా గట్టు దాకా కారాయి. పెరట్లో కృపావరం మనుషులు ఈల వేశారు. కామేశం నిండుగా నవ్వాడు. పునాది తీసిన నాటి నుంచి తన ఇంట్లో జరిగిన శుభకార్యానికి తను ఉండటం అతనికి ఇదే మొదటిసారి. బంతి మొదలయ్యేసరికి వడ్డించే చేతులు చాలలేదు. ఊరికే నిలబడ్డ పట్టుపంచె పెద్దమనిషిని చూసి కోటమ్మ సాంబారు బకెట్టు చేతికిచ్చి, "అట్టా ఎండలోకి పో అన్నా, ఆ చివరి వరసకి ఇంకా రాలా," అంది. వెంకట్రామయ్య వెళ్ళాడు.

ఒకటిన్నర పూట సస్పెన్షన్ గురించి కామేశం ఎవరికీ అప్పీలు చేసుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అడక్కుండా శాంక్షనైన సెలవు అదొక్కటే.